ఫ్యాన్ ఆగి 19 రోజులైంది, స్విచ్ రోజూ చెప్తానే ఉండాది, మేమే వినలేదు

పెన్నగట్టు (కడప) | సోమవారం రాత్రి 9.40

అన్నలకూ అక్కలకూ నమస్తే. కడప ఊరి బయట ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సిస్టమ్స్ చూసుకుంటాండా. నెట్‌వర్క్ కేబుళ్లన్నీ కలిపే మేనేజ్డ్ స్విచ్‌లు (లోపలికి లాగిన్ అయ్యి చూడగలిగేవి) 34 ఉండాయి. అవి కాక లెక్కలో లేని చిన్న డబ్బాలు ఇంకో ఇరవై దాకా. మనిషిని నేనొక్కణ్ణే, తోడుగా ఒక ల్యాబ్ అసిస్టెంట్.

పోయిన బుధవారం ప్రాక్టికల్స్ జరుగుతాండగా మధ్యాహ్నం రెండుంపావుకు కోర్ స్విచ్ (మిగతా స్విచ్‌లన్నీ కలిసే పెద్ద డబ్బా) ఆగిపోయింది. మూడు బ్లాకులు, ల్యాబులు, ఎగ్జామ్ సెల్, ఆఫీసు అన్నీ ఒకేసారి పోయినాయి. ఉరికిపోయి చూస్తే డబ్బా మీద చెయ్యి పెట్టలేము, సంగటి కుండ మాదిరి కాలిపోతాంది. క్లాసులో ఉన్న టేబుల్ ఫ్యాన్ పీక్కొచ్చి ఎదురుగా పెట్టి, పావుగంట ఆగి ఆన్ చేస్తే లేచింది. నలభై నిమిషాలకు మళ్లీ పడింది. ఆ రోజు ప్రిన్సిపాల్ గారి రూములో నేను నిలబడిన సంగతి ఇక్కడ రాయను.

సాయంత్రం లాగ్, అదే స్విచ్ రాసుకునే చిట్టా, తీస్తే అసలు కథ తెలిసింది. ఈ డబ్బా లాగ్‌ను ఫ్లాష్‌లో కూడా రాసుకుంటుంది కాబట్టి ఆరిపోయి లేచినా మిగిలింది. డబ్బా లోపలున్న రెండు ఫ్యాన్లలో ఒకటి 19 రోజుల కిందటే ఆగిపోయింది. ఆ దినం నుంచీ మధ్యాహ్నం కాంగానే ‘ఉష్ణోగ్రత ఎక్కువైంది’ అని ఒక లైను, సాయంత్రం ‘సర్దుకుంది’ అని ఇంకో లైను. చెవిటోడి ముందర శంఖం ఊదినట్టు రోజూ ఊదింది పాపం.

మా దగ్గర మానిటరింగ్ అంటే ‘ఉండావా’ అని అడిగి జవాబు చూసే పింగ్ ఒకటే. పచ్చగా ఉంటే బాగుంది, ఎర్రగా అయితే పోయింది. ఇంక దేన్ని చూడాలి, ఎట్లా చూడాలి? డబ్బులు అడిగితే వచ్చే యేడు బడ్జెట్లో చూద్దాం అంటారు. ఒక పాత పీసీ ఉండాది, 8 జీబీ ర్యామ్. బ్రాండ్ పేరు వద్దులెండి, అన్ని బ్రాండ్లలోనూ ఫ్యాన్లు తిరుగుతాయి, అన్నీ ఆగుతాయి.


కారందోశ (కడప) | సోమవారం రాత్రి 10.02

ఇంత రామాయణం ఎందుకు సామీ? రూములో ఏసీ పెట్టిచ్చు, ఫ్యాన్ మార్పిచ్చు, అయిపోయె. పదహైదేండ్ల నుంచి పింగ్‌తోనే నడిపిస్తాండా. స్విచ్ బతికుండాదా లేదా, అంతకు మించి తెలుసుకొని ఏం చేస్తావు?


బురుజుకింద (కర్నూలు) | సోమవారం రాత్రి 10.31

కారందోశ గారూ, పింగ్ నాడి చూడటం లాంటిది. నాడి ఆడుతున్నంత మాత్రాన మనిషికి జ్వరం లేదని కాదు. పెన్నగట్టు తమ్ముడి స్విచ్ ఆ 19 రోజులూ పింగ్‌కు నిక్షేపంగా జవాబిచ్చి ఉంటుంది.

తమ్ముడూ, నువ్వు ఒక విషయంలో అదృష్టవంతుడివి. నీ లాగ్‌లో తేదీలు సరిగ్గా ఉన్నాయి. ఎన్‌టీపీ, అంటే నెట్‌వర్క్ మీద టైమ్ సరిచేసే ఏర్పాటు, పెట్టకపోతే పాత సిస్కో స్విచ్‌లు చాలావరకు రీబూట్ కాగానే 1993 మార్చి 1 నుంచి లెక్క మొదలుపెడతాయి. ఒక బ్యాంకు శాఖలో అట్లాంటి లాగ్ పట్టుకుని ఫ్యాన్ ఎప్పుడు పోయిందో తేల్చడానికి ఒక పూటంతా వేళ్లు మడిచాను. కాబట్టి ముందు అన్ని స్విచ్‌లకూ ఎన్‌టీపీ పెట్టు. ఆ తర్వాత సిస్‌లాగ్‌ను, అంటే స్విచ్ లాగ్ లైన్లను, నీ పాత పీసీకి పంపించు, యూడీపీ పోర్టు 514. చాలా డబ్బాల్లో లాగ్ మెమరీలోనే ఉంటుంది, కరెంటు పోతే దాంతోపాటే పోతుంది. నీకు ఫ్లాష్‌లో దొరికింది, అందరికీ దొరకదు.

రేపు పొద్దున ఒక పని చెయ్యి. ప్రతి స్విచ్‌లోకీ లాగిన్ అయ్యి ఒక్కసారి కళ్లతో చూడు. సిస్కో అయితే ‘షో ఎన్విరాన్‌మెంట్ ఆల్’, జునిపర్ అయితే ‘షో చాసిస్ ఎన్విరాన్‌మెంట్’, పాత హెచ్‌పీ ప్రోకర్వ్, అరూబా అయితే ‘షో సిస్టమ్ ఫ్యాన్స్’, ‘షో సిస్టమ్ టెంపరేచర్’, ‘షో సిస్టమ్ పవర్ సప్లై’. 34 డబ్బాల్లో ఇంకా ఎన్ని ఫ్యాన్లు ఆగి ఉన్నాయో ముందు అది తెలియాలి. సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత.


ఎర్రనేల (అనంతపురం) | సోమవారం రాత్రి 11.10

మేము కేబుల్, బ్రాడ్‌బ్యాండ్ వాళ్లం. ఊరి నిండా డబ్బాలే. కొన్ని కిరాణా అంగడి మిద్దె మీద, కొన్ని మెట్ల కింద, ఒకటైతే దేవళం మైకు గదిలో. ఏసీ అనే మాటే లేదు. కాబట్టి కారందోశన్న చెప్పిన వైద్యం మాకు పని చెయ్యదప్పా.

నేను చెప్పేది ఒక్కటే, రేకుల కింద రాక్ (స్విచ్‌లు బిగించే చట్రం) పెట్టొద్దు. ఏప్రిల్, మే నెలల్లో బయట 43 ఉంటే రేకుల కింద దానికంటే చానా ఎక్కువ. చానా యాక్సెస్ స్విచ్‌ల డేటాషీట్‌లో చుట్టుపక్కల గాలి వేడి 40 లేకపోతే 45 వరకే అని రాసుంటాది. అంటే మన సీమ ఎండకు అది పరీక్షలో బార్డర్ మార్కులతో పాసయినట్టు.


పెన్నగట్టు (కడప) | మంగళవారం మధ్యాహ్నం 1.15

బురుజన్నా, నువ్వు చెప్పినట్టే పొద్దున్నుంచి కూర్చొని చూసినా. దండం పెట్టాల. 34లో ఫ్యాన్ ఉన్నవి 11, మిగిలినవి ఫ్యాన్ లేనివే. ఆ 11లో మూడింట్లో ఫ్యాన్ పోయి ఉండాది! ఒక డబ్బాకు రెండు పవర్ సప్లైలు, ఒకటి చచ్చి ఎన్నాళ్లయిందో దేవునికి తెలియాల. అందరమూ ‘రెండుండాయిలే’ అని ధైర్యంగా ఉన్నాం.

ఇంకో తమాషా. లైబ్రరీ బ్లాకులో ఒక స్విచ్ తిరగేసి బిగించినారు. పోర్టులు వెనక్కి వస్తే కేబుళ్లు కట్టడం తేలికని ఎవురో పుణ్యాత్ముడు అట్లా చేసినట్టుండాడు. పక్కనున్న స్విచ్‌లు ఊదే వేడిగాలిని ఇది పీల్చుకుంటాంది.


సౌరగడప (ఓర్వకల్లు) | మంగళవారం సాయంత్రం 6.20

నేను సోలార్ ప్లాంట్‌లో కమ్యూనికేషన్ పరికరాలు చూస్తాను. ఓర్వకల్లు వైపు వచ్చినవాళ్లకు తెలుసు, అక్కడ 1000 మెగావాట్ల పార్కు ఉంది, చెట్టు నీడ మాత్రం వెతుక్కోవాలి. మేం వాడేవి ఇండస్ట్రియల్ స్విచ్‌లు. ఫ్యాన్ ఉండదు, మైనస్ 40 నుంచి 75 డిగ్రీల దాకా తట్టుకునేలా చేస్తారు. ధర చూస్తే కాలేజీవాళ్లు మూర్ఛపోతారు కాబట్టి అవి కొనమని చెప్పను.

కానీ వాటిలో ఉండే ఒక పాత పద్ధతి నాకు చాలా ఇష్టం. వెనక రెండు స్క్రూల రిలే కాంటాక్ట్ ఉంటుంది. రెండు పవర్ ఫీడ్‌లలో ఒకటి పోయినా, స్విచ్ పూర్తిగా ఆరిపోయినా ఆ రిలే పడిపోతుంది. దానికి బజర్ కడితే చాలు. నెట్‌వర్క్ చచ్చినా బజర్ మోగుతుంది. అందులోని తెలివి గమనించండి. వార్తను మోసుకొచ్చే దారి, చెడిపోయే వస్తువు మీద ఆధారపడకూడదు. పెన్నగట్టు గారూ, మీ పాత పీసీ ఏ స్విచ్‌కు తగిలించబోతున్నారు? కోర్ స్విచ్‌కేనా? అయితే కోర్ పడిన రోజు మీకు ఎస్సెమ్మెస్ ఎవరు పంపుతారు?


పెన్నగట్టు (కడప) | మంగళవారం సాయంత్రం 6.34

అక్కా… కోర్‌కే.


డిప్లొమా_తమ్ముడు (ప్రొద్దుటూరు) | మంగళవారం రాత్రి 8.05

అన్నా, నాకొక చిన్న డౌటు, నవ్వొద్దండి. ఎస్ఎన్ఎంపీ అంటే నెట్‌వర్క్ మీద డబ్బాల సంగతి అడిగి తెలుసుకునే పద్ధతని పుస్తకంలో చదివినా. కానీ ఫ్యాన్ తిరుగుతాందో లేదో దానికి ఎట్లా తెలుస్తాది? ఏ నంబరు అడగాల?


బురుజుకింద (కర్నూలు) | మంగళవారం రాత్రి 9.48

ఇందులో నవ్వేదేముంది తమ్ముడూ, మంచి ప్రశ్న. కొంచెం పెద్దగా చెప్తాను.

ఫ్యాన్‌కు రెండు వైర్లే కాకుండా మూడోది ఒకటి ఉంటుంది. అది ఒక్కో చుట్టుకు ఇన్ని పల్స్‌లని పంపుతుంది. స్విచ్ వాటిని లెక్కపెట్టి చుట్ల వేగం తెలుసుకుంటుంది. వేడికి బోర్డు మీద అక్కడక్కడా సెన్సర్లు ఉంటాయి. ఈ అంకెలన్నీ స్విచ్ ఒక చెట్టులా పేర్చి పెట్టుకుంటుంది, కొమ్మకొక నంబరు. మనం యూడీపీ 161లో ‘ఆ కొమ్మ మీద ఏముంది’ అని అడుగుతాం. ఆ నంబరే ఓఐడీ.

సిస్కో వాళ్ల పాత పర్యావరణ కొమ్మ 1.3.6.1.4.1.9.9.13. దాని కింద ఉష్ణోగ్రత స్థితి 1.3.6.1.4.1.9.9.13.1.3.1.6, ఫ్యాన్ స్థితి 1.3.6.1.4.1.9.9.13.1.4.1.3, పవర్ సప్లై స్థితి 1.3.6.1.4.1.9.9.13.1.5.1.3. వచ్చే జవాబు ఒకటే అంకె. 1 అంటే మామూలు, 2 హెచ్చరిక, 3 ప్రమాదం, 4 ఆరిపోయే దశ, 5 అంటే అసలు లేదు, 6 అంటే ఉంది కానీ పని చెయ్యడం లేదు. 5కు అలారం పెట్టకండి, ఖాళీ పవర్ సప్లై స్లాటు కూడా 5 అనే చెప్తుంది. కానీ నిన్నటిదాకా 1 ఉండి ఈ రోజు 5 అయితే ఎవరో పీకేశారని అర్థం.

కంపెనీతో పని లేకుండా వాడే కొమ్మ ఇంకోటి ఉంది, 1.3.6.1.2.1.99. 2002లో ఆర్‌ఎఫ్‌సీ 3433గా వచ్చింది. దాంట్లో ప్రతి సెన్సర్‌కూ రకం, విలువ, స్థితి ఉంటాయి. రకం 8 అయితే డిగ్రీల సెల్సియస్, 10 అయితే ఫ్యాన్ చుట్లు. ఇక్కడే అందరూ ఒకసారి కాలు జారతారు. విలువ పక్కన స్కేలు, ప్రెసిషన్ అని రెండు కాలమ్‌లు ఉంటాయి, వాటిని చూడకుండా విలువ తీసుకోకూడదు. విలువ 312, ప్రెసిషన్ 1 అయితే అది 31.2 డిగ్రీలు. నేను మొదట్లో అది చూసుకోక 312 డిగ్రీలని రాత్రి పన్నెండుకు లేచి చొక్కా వేసుకున్నాను. 312 డిగ్రీలకు టంకం కూడా కరిగిపోతుందని దారిలో బండి మీద తట్టింది.

ఇంకో గుంట. సెన్సర్ల ఇండెక్స్ నంబర్లు రీబూట్ అయితే, స్టాక్‌లోకి (కలిపి ఒకటిగా నడిపే స్విచ్‌ల గుంపులోకి) కొత్త స్విచ్ వస్తే మారొచ్చు. నంబరు రాసి పెట్టుకుంటే ఫ్యాన్ అనుకున్నది రేపు పవర్ సప్లై అవుతుంది. పేరును బట్టి పట్టుకోవాలి.


ఎర్రనేల (అనంతపురం) | మంగళవారం రాత్రి 10.20

దాంతోపాటు ఇది కూడా రాసుకో తమ్ముడూ. కమ్యూనిటీ పేరు, అదే ఎస్ఎన్ఎంపీకి పాస్‌వర్డ్ లాంటిది, ‘పబ్లిక్’ అని వదిలెయ్యొద్దు. సెట్టింగులు మార్చనిచ్చే రైట్ కమ్యూనిటీ తీసేయి, ఏ ఐపీ నుంచి అడగొచ్చో కట్టడి చెయ్యి, డబ్బా ఒప్పుకుంటే వెర్షన్ 3 పెట్టు. ఒక కాలేజీలో పిల్లోళ్లు ‘ప్రైవేట్’ అనే కమ్యూనిటీతో హాస్టల్ పోర్టులు ఆపి ఆడుకున్నారు. సీనియర్ల రూము పోర్టులే ఆపేవాళ్లు, జూనియర్లు.


కారందోశ (కడప) | మంగళవారం రాత్రి 10.41

జూనియర్లకు నా ఆశీర్వాదం.

సరే, పింగ్ చాలదని ఒప్పుకుంటా. కానీ అలారాల సంగతి చెప్పండి. మా తమ్ముడొకడు ఇట్లనే అన్నీ పెట్టి రోజుకు మూడొందల మెసేజీలు తెప్పించుకున్నాడు. రెండో వారానికి గ్రూపు మ్యూట్ చేసినాడు. మూడో వారం స్విచ్ కాలిపోయింది, మెసేజీ కూడా వచ్చింది, ఎవురూ చూళ్లా. నాన్నా పులి కథే కదా.


సౌరగడప (ఓర్వకల్లు) | బుధవారం ఉదయం 7.05

కారందోశ గారు అసలైన చోట వేలు పెట్టారు.

అందరికీ కలిపి 45 డిగ్రీలని ఒకే గీత గీస్తే అట్లాగే అవుతుంది. ఒకే డబ్బాలో గాలి లోపలికి వచ్చే చోట సెన్సర్ 33 చూపిస్తుంటే, చిప్ పక్కనున్నది 62 చూపిస్తుంది. రెండూ ఆరోగ్యమే. చిప్ దగ్గర 62 మామూలే, గాలి వచ్చే చోట 62 అయితే కొంప మునిగినట్టు. తయారుచేసినవాళ్లు ప్రతి సెన్సర్‌కూ వేరే గీత స్విచ్‌లోనే రాసి పెడతారు. బురుజుకింద గారు చెప్పిన ఆ స్థితి అంకె వచ్చేది దాన్నుంచే. అర్ధరాత్రి లేపడానికి ఆ స్థితి చాలు.

డిగ్రీలతో వేరే పని ఉంది. నేను చూసేది స్విచ్ వేడి కాదు, స్విచ్ వేడికీ గది వేడికీ ఉన్న తేడా. గది 31, స్విచ్ లోపలి గాలి 38 అనుకోండి, తేడా 7. మేలో గది 40 అయితే స్విచ్ 47 అవుతుంది, తేడా మళ్లీ 7, అంటే స్విచ్ తప్పేమీ లేదు, గది తప్పు. అదే గది 31 ఉండగా స్విచ్ 44కు వస్తే తేడా 13, అప్పుడు తప్పు స్విచ్‌లోనే. ఫ్యాన్ నెమ్మదించింది, దుమ్ము పట్టింది, ముందు ఎవరో అట్టపెట్టె పెట్టారు, ఏదో ఒకటి. పెన్నగట్టు గారి ఫ్యాన్ పోయిన రోజు గ్రాఫ్ ఉండుంటే ఈ తేడా మెట్టులా ఎగిరి కనిపించేది.

గది వేడికి డీఎస్18బీ20 అని ఒక చిన్న సెన్సర్ వస్తుంది, అర డిగ్రీ అటూఇటూగా నిజం చెప్తుంది. రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఒకటి పాతది దొరికితే దానికి తగిలించండి. దానికే ఒక జీఎస్ఎం మోడెమ్ కూడా. కోర్ నుంచి జవాబు రాకపోతే ఆ పై బోర్డు నేరుగా సిమ్ మీద మెసేజీ పంపుతుంది. మీ పీసీ మీద నమ్మకం పెట్టుకోనక్కర్లేదు.


పెన్నగట్టు (కడప) | బుధవారం రాత్రి 9.12

అక్కా, ఈ తేడా లెక్క నాకెవురూ ఇంతవరకూ చెప్పలా. మా ఎలక్ట్రానిక్స్ హెచ్‌ఓడీ గారిని అడిగితే బీరువాలో మూడు పై బోర్డులు ఉండాయంట, ప్రాజెక్టు పిల్లోళ్లు వదిలేసినవి. ఒకటి ఇచ్చినారు.

మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌కు జాబిక్స్ పెట్టాలా, లిబ్రెఎన్ఎంఎస్ పెట్టాలా?


ఎర్రనేల (అనంతపురం) | బుధవారం రాత్రి 9.30

లిబ్రె. ఐపీ ఇచ్చి వదిలేస్తే సెన్సర్లన్నీ అదే ఏరుకుంటాది, ఐదు నిమిషాలకోసారి అడుగుతాది. పది నిమిషాల్లో పది గ్రాఫులు.


బురుజుకింద (కర్నూలు) | బుధవారం రాత్రి 9.44

జాబిక్స్. సౌరగడప గారు చెప్పిన తేడా లెక్కను అందులోనే ఒక ఐటెమ్‌గా చేసుకోవచ్చు. అలారం మోగడానికి ఒక గీత, ఆగడానికి ఇంకో గీత పెట్టుకోవచ్చు. తేడా 12 దాటితే మోగు, 9 కిందికి వస్తే ఆగు. లేకపోతే 11.9, 12.1 మధ్య ఊగుతూ రాత్రంతా లేపుతుంది.


ఎర్రనేల (అనంతపురం) | బుధవారం రాత్రి 9.51

అన్న జాబిక్స్ పెట్టి ముగించేలోపల నేను లిబ్రె పెట్టి ఉగ్గాని బజ్జీ తినేసి వస్తా.


బురుజుకింద (కర్నూలు) | బుధవారం రాత్రి 9.58

తిని రా. వచ్చేసరికి మూడొందల మెసేజీలుంటాయి.

తమ్ముడూ, నీకు మనుషులు లేరు కాబట్టి ముందు లిబ్రెనే పెట్టుకో. ఎర్రనేల చెప్పింది నిజమే, మనసొప్పక ఒప్పుకుంటున్నా. ఒక్క జాగ్రత్త. అది తనంతట తను పెట్టే హద్దులను నమ్మి వదిలెయ్యకు, ఒకసారి చూసుకో.

ట్రాప్‌లు కూడా పెట్టు, 162కు. స్విచ్ తనంతట తను అరవడమే ట్రాప్. కానీ అది యూడీపీ, దారిలో పోతే మళ్లీ పంపదు. అందుకే అరుపు వింటూనే ఐదు నిమిషాలకోసారి మనమూ అడగాలి.

ఇంకోటి, అప్‌టైమ్, అంటే స్విచ్ లేచి ఎంతసేపయిందో. స్విచ్ తనంతట తను రీబూట్ అవుతోందా అన్నది పవర్ సప్లై ఆరోగ్యానికి మంచి గుర్తు. కానీ మామూలు అప్‌టైమ్ అంకె సెకనులో నూరో వంతు లెక్కన 32 బిట్లలో ఉంటుంది. 497 రోజులకు నిండిపోయి మళ్లీ సున్నా అవుతుంది. ఆ రోజు నీకు ‘స్విచ్ రీబూట్ అయింది’ అని వస్తుంది, కాలేదు. దానికి బదులు 1.3.6.1.6.3.10.2.1.3 చూడు, అది సెకన్లలో ఉంటుంది.


కారందోశ (కడప) | గురువారం ఉదయం 6.50

రాత్రి మీరంతా రాసింది చదివి, పొద్దున్నే ఆఫీసుకు పోయి మా సీసీటీవీ స్విచ్ చూసినా. రెండు నెలల నుంచి రాత్రిపూట కొన్ని కెమెరాలు పోయి పోయి వస్తాండాయి. కేబుళ్లు మార్పిస్తిమి, కెమెరాలు మార్పిస్తిమి, వాచ్‌మన్‌ను కూడా మార్పిస్తిమి. పగలంతా బాగుంటాయి. ఇది హార్డ్‌వేర్ ఆరోగ్యంలోకి వస్తుందా?


సౌరగడప (ఓర్వకల్లు) | గురువారం ఉదయం 7.15

వస్తుంది. స్విచ్ పీఓఈ బడ్జెట్, అంటే నెట్‌వర్క్ కేబుల్ మీదే కెమెరాలకు ఇవ్వగల కరెంటు, ఎన్ని వాట్లు, కెమెరాలు ఎన్ని?


కారందోశ (కడప) | గురువారం ఉదయం 7.22

185. కెమెరాలు 20.


సౌరగడప (ఓర్వకల్లు) | గురువారం ఉదయం 7.40

చీకటి పడగానే కెమెరాల చుట్టూ ఉన్న ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి. పగలు 6 వాట్లు తీసుకునే కెమెరా రాత్రి పదిన్నర దాకా తీసుకుంటుందనుకోండి. పగలు 120, రాత్రి 210. బడ్జెట్ 185. సరిపోక స్విచ్ ప్రాధాన్యం తక్కువున్న పోర్టులను కోసేస్తుంది. మళ్లీ కాసేపటికి ఇస్తుంది, మళ్లీ కోస్తుంది.

24 పోర్టుల డబ్బా అనగానే అన్నిటికీ నిండా ఇస్తుందనుకోకండి. 802.3ఏఎఫ్ అనే పీఓఈ ప్రమాణం ప్రకారం పోర్టుకు 15.4 వాట్లు, 24కు దాదాపు 370 కావాలి. మీ దాంట్లో సగమే ఉంది. ప్రస్తుతం ఎంత వాడుతోందో చూడటానికి ఓఐడీ 1.3.6.1.2.1.105.1.3.1.1.4. సాయంత్రం ఏడుకు ఒకసారి చూడండి.


కారందోశ (కడప) | గురువారం రాత్రి 7.35

మధ్యాహ్నం 118. ఇప్పుడు చూస్తే 183కు పోయి 171కి పడి మళ్లీ 184. నాలుగు కెమెరాలు ఆరి వెలుగుతాండాయి.

వాచ్‌మన్‌ను ఊరికే తీసేసినాం. పెద్దాయన, పాపం.


డిప్లొమా_తమ్ముడు (ప్రొద్దుటూరు) | గురువారం రాత్రి 8.10

పిలిపించండి సార్ మళ్లీ.


కారందోశ (కడప) | గురువారం రాత్రి 8.14

పొద్దున్నే ఫోన్ చేస్తా.


నాపరాయి (బేతంచర్ల) | శుక్రవారం ఉదయం 10.05

ఆలస్యంగా వచ్చినా. మా చుట్టుపక్కల బండల పాలిష్ ఫ్యాక్టరీలు. నీళ్లతో కోస్తారు కాబట్టి అప్పటికి దుమ్ము ఉండదు, ఆ బురద ఎండినాక గాలికి లేస్తాది. సున్నపురాయి పొడి ఫ్యాన్ బేరింగులోకి పోతే నాలుగు నెలలు. యర్రగుంట్ల సిమెంటు వైపు వాళ్లదీ ఇదే గోస అయ్యుంటుంది.

శుభ్రం చేసేవాళ్లకు ఒక్క మాట. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను పుల్లతోనో వేలుతోనో ఆపి పట్టుకోండి. గాలికి అది మామూలు కంటే చానా వేగంగా తిరిగితే బేరింగు అరుగుతాది. దుమ్ము పోయిందని సంతోషపడి పది దినాలకు ఫ్యాన్ పోయిందని ఏడ్చినోళ్లు ఉండారు. డబ్బాను ఆపి, వైరు పీకి చెయ్యండి, ఆ సంగతి చెప్పక్కర్లేదనుకుంటా.

వేడి సంగతి కూడా. పవర్ సప్లైలో ఉండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లకు ఒక మోటు లెక్క ఉండాది, 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగం. కాబట్టి ఆ 19 రోజులు నడిచిన కోర్ స్విచ్ ఇప్పుడు బాగానే ఉన్నా, దాని పవర్ సప్లైని అనుమానంతోనే చూడండి. పక్కన ఇంకోటి పెట్టుకోండి. యూపీఎస్ బ్యాటరీలదీ దాదాపు ఇదే లెక్క. 25 డిగ్రీలకు రాసిన ఆయుష్షు అది, మన గదుల్లో ఎవురు చూసినారు 25.


బురుజుకింద (కర్నూలు) | శుక్రవారం రాత్రి 9.25

కెపాసిటర్ మాట బాగా చెప్పావు నాపరాయీ. అయితే అన్ని చావులూ వేడితో రావు. 2017 ఫిబ్రవరిలో సిస్కో ఒక ప్రకటన ఇచ్చింది గుర్తుందా? కొన్ని మోడళ్లలో క్లాక్ సిగ్నల్ భాగం 18 నెలలు దాటాక చెడిపోవచ్చని, చెడితే డబ్బా ఇక లేవదని. అట్లాంటిదాన్ని ఏ సెన్సరూ ముందుగా చెప్పలేదు. అందుకే స్విచ్‌ల మోడల్, సీరియల్ నంబర్ల జాబితా కూడా మానిటరింగ్‌లో భాగమే. ప్రకటన వచ్చిన రోజు మన దగ్గర అవి ఎన్ని ఉన్నాయో ఐదు నిమిషాల్లో తెలియాలి.

ఫైబర్ లింకులున్నవాళ్లు ఎస్‌ఎఫ్‌పీ (ఫైబర్ తగిలించే చిన్న మాడ్యూల్) లోపలి అంకెలు కూడా చూడండి. అందుకునే వెలుగు ఎంతన్నది డీబీఎం అనే కొలతలో వస్తుంది. 3 డీబీ తగ్గితే వెలుగు సగమైనట్టు. నిరుడు మైనస్ 7 ఉన్నది ఈ యేడు మైనస్ 13 అయిందంటే నాలుగో వంతే చేరుతోంది, లింకు మాత్రం పచ్చగానే ఉంటుంది. మైనస్ 19 దగ్గర్లో చాలా 1310 నానోమీటర్ల మాడ్యూళ్లు చేతులెత్తేస్తాయి. చాలాసార్లు కనెక్టర్ తుడిస్తే చాలు.

ఇంకొక్క మాట, సెన్సర్లతో సంబంధం లేదు. 2009 అక్టోబరులో కర్నూలు ఊళ్లోకి తుంగభద్ర వచ్చినప్పుడు కింది అంతస్తులో రాక్‌లున్నవాళ్ల గతి నేను కళ్లతో చూశాను. బురద దిగాక స్విచ్ మూత తీస్తే లోపల చిన్న చేప. అప్పటి నుంచి ఎవరు పిలిచినా మొదట అడిగేది ‘రాక్ ఏ అంతస్తులో’ అని.


పెన్నగట్టు (కడప) | ఆ తర్వాతి నెల, ఆదివారం ఉదయం 11.00

అందరికీ బాకీ ఉన్న కబురు చెప్పాల.

లిబ్రె పెట్టినా. అలారాలు రెండు రకాలు చేసినా. ఫ్యాన్, పవర్ సప్లై, ఉష్ణోగ్రత స్థితి 1 కాకపోతే (ఖాళీ స్లాట్ల 5 తప్ప) ఫోన్‌కు మెసేజీ, ఎప్పుడైనా సరే. తేడా లెక్క, వెలుగు, పీఓఈ వాట్లు, ఎర్రర్ల లెక్క, ఇవన్నీ పొద్దున ఎనిమిదిన్నరకు ఒకే చీటీగా వస్తాయి, టీ తాగుతా చూసుకుంటా. పోయిన మూడు ఫ్యాన్లు మార్పిచ్చినాం. తిరగేసిన స్విచ్‌ను సరిగ్గా బిగిస్తే దాని తేడా 14 నుంచి 8కి దిగింది, పైసా ఖర్చు లేకుండా. రెండు పవర్ సప్లైలున్న డబ్బాకు రెండూ ఒకే యూపీఎస్‌కే పెట్టి ఉంటే, ఒకదాన్ని వేరే యూపీఎస్‌కు మార్చినా. చిన్న డబ్బాలకు సెన్సర్లు లేవు, వాటి జోలికి పోలేదు. వాటికి పింగే గతి, కారందోశన్న క్షమించాల.

ఇంక అసలు పరీక్ష నిన్న రాత్రి జరిగింది. ఒకటీ ఇరవైకి ఫోన్ మోగింది. రాస్‌ప్‌బెర్రీ పై పంపిన మెసేజీ, గది 41. ఏసీ ట్రిప్ అయి ఉండాది. అప్పటికి స్విచ్‌ల తేడాలు మామూలే, కాబట్టి స్విచ్‌ల తప్పు కాదని పడుకునే తెలిసిపోయింది. బండేసుకొని బిన్నా పోయినా. ఒకటీ యాభైకి గది ముందర ఉండా.

తాళం వాచ్‌మన్ దగ్గర. వాచ్‌మన్ జాతరకని వాళ్లూరు పోయినాడు. కిటికీ ఊచల్లోంచి కట్టెతో ఏసీ స్విచ్ పైకి నెట్టినా, నాలుగోసారికి పడింది. రెండున్నరకు గది 33.


సౌరగడప (ఓర్వకల్లు) | ఆదివారం ఉదయం 11.20

రెండో తాళంచెవి చేయించారా?


పెన్నగట్టు (కడప) | ఆదివారం ఉదయం 11.26

ఆదివారం కదక్కా, అంగడి మూసిండాడు. కట్టెను మాత్రం కిటికీ దగ్గరే పెట్టి వచ్చినా.